ప్రతి గదికీ రెండు గ్రిల్స్ అక్కర్లేదండి, ముందు గాలికి దారి గీయండి

ప్లాన్ రెండుసార్లు చూశానండి. మీరడిగింది ఇదీ కదా: ఒకే అంతస్తు ఇల్లు, 150 చదరపు మీటర్లు, మూడు బెడ్‌రూములు, నలుగురు మనుషులు, రెండు బాత్‌రూములు, విడిగా ఒక టాయిలెట్, కిచెన్, బట్టలుతికే చిన్న గది. ఫాల్స్ సీలింగ్ పైన ఒక ఈఆర్‌వీ మిషన్ (పాత గాలిని బయటికి పంపుతూ, దాని వేడినీ తేమనీ లోపలికొచ్చే కొత్త గాలితో మార్చుకునే వెంటిలేషన్ మిషన్) పెట్టి డక్ట్‌లు, అంటే గాలి పైపులు, లాగుదామనుకుంటున్నారు, ప్రతి గదికీ మంచి గాలి వదిలే సప్లై గ్రిల్ ఒకటి, చెడ్డ గాలి పీల్చే ఎగ్జాస్ట్ గ్రిల్ ఒకటి చొప్పున గీసేశారు, ఇప్పుడు గ్రిల్ ఏ మూల పెట్టాలి, పైపు ఎంత సైజు, బయట గోడకి హోల్స్ ఎక్కడ అని. అన్నీ చెప్తా గానీ ముందు ఆ "ప్రతి గదికీ రెండు" అన్నది కొట్టేయండి. పదిహేనేళ్లుగా ఈ డక్ట్‌ల పనే చేస్తున్నా, నా దగ్గరికొచ్చే ప్లాన్లలో ఎక్కువగా కనపడే తప్పు ఇదే.

చూడ్డానికి లాజిక్ కరెక్టే అనిపిస్తుంది, మంచి గాలి రావాలి, చెడ్డ గాలి పోవాలి, కాబట్టి రెండూ ఉండాలి. కానీ చిన్న బెడ్‌రూములో రెండు గ్రిల్స్ పెడితే సీలింగ్ మీద ఒకదాంట్లోంచి వచ్చిన గాలి అటే జారుకుంటూ రెండోదాంట్లోకి పోతుంది, కింద మంచం మీద పడుకున్న మనిషికి అందేది తక్కువ. పైగా పైపులు డబుల్, ఖర్చు డబుల్, సీలింగ్‌లో చోటు డబుల్. అసలు విషయం ఏంటంటే బెడ్‌రూములో ఒకసారి వాడిన గాలి ఏమంత పాడైపోదు, అదే గాలి తలుపు కిందనుంచి కారిడార్‌లోకి వచ్చి అక్కణ్ణుంచి బాత్‌రూములోకి పోయి అక్కడి తేమని, వాసనని మోసుకుని బయటికి పోవచ్చు. ఒకే గాలితో మూడు పనులు. కాబట్టి మనుషులు ఎక్కువసేపు ఉండే గదుల్లో సప్లై మాత్రమే, అంటే మూడు బెడ్‌రూములు, లివింగ్. తేమ, వాసన పుట్టే గదుల్లో ఎగ్జాస్ట్ మాత్రమే, అంటే కిచెన్, బాత్‌రూములు, టాయిలెట్, బట్టల గది. కారిడార్‌లో ఏమీ వద్దు, అది రోడ్డు లాంటిది.

ఇప్పుడు ప్లాన్ ప్రింట్ ఒకటి తీసుకుని పెన్సిల్‌తో ప్రతి సప్లై దగ్గర మొదలుపెట్టి ఎగ్జాస్ట్ దాకా బాణం గీయండి. ఎక్కడైనా బాణం తలుపుని దాటితే అక్కడ ఒక సున్నా చుట్టండి. ఈ సున్నాల గురించి కింద చెప్తా, చాలామంది మర్చిపోయేది అక్కడే.

ముందు లెక్క. ఆశ్రే అనే అమెరికా ఇంజనీర్ల సంఘం వాళ్లది 62.2 అని ఇళ్ల వెంటిలేషన్‌కి ఒక స్టాండర్డ్ ఉంది, దాని సూత్రం సింపుల్: చదరపు అడుగుకి 0.03 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి అని), దానికి మనిషికి 7.5 సీఎఫ్‌ఎం కలపాలి, మనుషుల్ని లెక్కెయ్యడానికి బెడ్‌రూముల సంఖ్యకి ఒకటి కలుపుతారు. మీది సుమారు 1600 చదరపు అడుగులు కాబట్టి 48, నలుగురికి 30, మొత్తం 78 సీఎఫ్‌ఎం. మెట్రిక్‌లో గంటకి 133 క్యూబిక్ మీటర్లు. ఇంకో దారి పాసివ్ హౌస్ వాళ్లది, అంటే గాలి లీకవకుండా, చాలా తక్కువ కరెంటుతో నడిచే ఇళ్లు కట్టేవాళ్లది, వాళ్లు మనిషికి గంటకి 30 క్యూబిక్ మీటర్లు అంటారు, మళ్లీ ఎగ్జాస్ట్ వైపు నుంచి కిచెన్‌కి 60, బాత్‌రూముకి 40, టాయిలెట్ లాంటి చిన్న గదులకి 20 చొప్పున వేస్తారు. మీ ఇంటికి అలా వేస్తే 60, రెండు 40లు, రెండు 20లు, వెరసి 180. ఇది ఫుల్ స్పీడ్ లెక్క, మామూలు రోజువారీ స్పీడ్ కోసం దీన్ని 1.3తో భాగిస్తారు, అంటే 138. చూశారా, రెండు దారుల్లో వెళ్లినా ఇంచుమించు ఒకే చోటికి వచ్చాం. కాబట్టి రోజంతా 135 దగ్గర తిరుగుతూ, స్నానాల టైములో, వంట టైములో 180కి వెళ్లే మిషన్ కావాలి.

మిషన్ కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న నంబర్ చూసి మోసపోకండి, అది డక్ట్‌లేవీ లేకుండా ఇచ్చే గాలి అయ్యుండొచ్చు. ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత ప్రెషర్ దగ్గర ఎంత గాలి ఇస్తుందో చూపే గ్రాఫ్, అడిగి తీసుకోండి, 100 పాస్కల్స్ ప్రెషర్ దగ్గర ఎంత ఇస్తుందో చూడండి, అక్కడ 180 దాటి కొంచెం మిగులు ఉండాలి. మామూలు స్పీడ్‌లో మిషన్ తన సత్తాలో సగం, ముప్పాతిక మధ్య నడిస్తే చప్పుడుండదు, ఊపిరాడనట్టు అరుస్తూ ఉంటే ఎవరో ఒకరు విసుగొచ్చి ఆపేస్తారు, ఆపేసిన మిషన్ ఎంత మంచిదైతే ఏం లాభం.

135ని నేనైతే ఇలా పంచుతా: ఇద్దరు పడుకునే పెద్ద బెడ్‌రూముకి 45, పిల్లల గదులు రెండిటికీ 30 చొప్పున, లివింగ్‌కి 30. నిద్రపోయే పెద్దమనిషి గంటకి 12, 13 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదుల్తాడు, ఇద్దరికి 26 లీటర్లు అనుకోండి, 45 క్యూబిక్ మీటర్ల గాలిలో కలిపితే దాదాపు 580 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఇన్ని భాగాలు అని) పెరుగుతుంది, బయట గాలిలో ఉండే 420 కలిపితే సరిగ్గా 1000 దగ్గర ఆగుతుంది. ఈ 1000 అనేది కొత్త నంబర్ కాదు, 1858లో మ్యూనిక్‌లో పెటెన్‌కోఫర్ అనే ఆరోగ్య శాస్త్రవేత్త గది గాలికి పెట్టిన హద్దు అదే, ఇప్పటికీ అందరం దాన్నే పట్టుకుని వేలాడుతున్నాం. మీ లివింగ్ గనక బెడ్‌రూములకీ కిచెన్‌కీ మధ్యలో ఓపెన్‌గా ఉంటే దానికి విడిగా సప్లై కూడా అక్కర్లేదు, బెడ్‌రూముల గాలే దాని గుండా కిచెన్ ఎగ్జాస్ట్‌కి పోతుంది, కానీ మీ ప్లాన్‌లో అది ఒక పక్కకి ఉంది కాబట్టి ఉంచండి.

ఇక ఆ సున్నాలు, అంటే తలుపులు. ఇది నా సొంత ఇంట్లో నేనే చేసిన తెలివితక్కువ పని కాబట్టి వివరంగా చెప్తా. అందరి ఇళ్లకీ కొలతలు తీసి పెట్టేవాణ్ణి, మా ఇంటికి కూడా ప్రతి గ్రిల్ మీటర్ పెట్టి సెట్ చేశా, పెద్ద బెడ్‌రూములో 46 వచ్చింది, బ్రహ్మాండం అనుకున్నా. తర్వాత వడ్రంగి వచ్చి తలుపులు ఫైనల్‌గా బిగిస్తూ, ఈ గదికి చప్పుడు రాకుండా ఉంటుందండీ అని తలుపు అడుగున మూయగానే కిందికి దిగే రబ్బరు పట్టీ ఒకటి పెట్టాడు. నేను కూడా భలే ఉందయ్యా అని మెచ్చుకున్నా. నెల తిరక్కముందే మా ఆవిడ పొద్దున్నే లేవగానే తల బరువుగా ఉంటోంది అనడం మొదలుపెట్టింది, నేను మామూలే అని పట్టించుకోలా. ఒకరోజు రాత్రి మూడింటికి మెలకువొచ్చి టేబుల్ మీద కార్బన్ డయాక్సైడ్ మీటర్ చూస్తే 1700 పైన చూపిస్తోంది. మీటర్ పాడైందనుకున్నా. కుర్చీ వేసుకుని ఎక్కి గ్రిల్ దగ్గర గాలి కొలిస్తే 20. తలుపు తెరిచా, అలా తెరవగానే 46. మూశా, మళ్లీ 20. టిష్యూ పేపర్ చింపి తలుపు కింద పెడితే కదలట్లేదు, చేత్తో ఆ పట్టీని పైకెత్తి పట్టుకున్నా, టిష్యూ సర్రుమని కారిడార్‌లోకి పోయింది. అంటే గాలి లోపలికి రావడానికి పైపు ఉంది, పోవడానికి దారి లేదు, ఆ మిగతా గాలి వేరే గదుల్లోకి మళ్లుతోంది. పొద్దున్నే స్క్రూడ్రైవర్ తీసుకుని పట్టీ ఊడబీకేశా.

కాబట్టి మీరు సున్నా చుట్టిన ప్రతి తలుపుకీ కింద సందు ఉండాలి. ఇంగ్లండ్ బిల్డింగ్ రూల్స్‌లో 760 మి.మీ. వెడల్పు తలుపుకి 10 మి.మీ. సందు అని రాశారు, అంటే 7600 చదరపు మిల్లీమీటర్లు. అది కనీసం. 30 వెళ్లే గదికి అది నడుస్తుంది, మీ పెద్ద బెడ్‌రూముకి నేనైతే 15 మి.మీ. పైనే వదుల్తా, అంత సందు బాగోదనుకుంటే తలుపు పైన గోడలో లోపల ఫోమ్ ఉన్న ట్రాన్స్‌ఫర్ గ్రిల్ ఒకటి పెట్టించండి, గాలి వెళ్తుంది, మాటలు అంతగా వెళ్లవు. ఇంకోటి, ఈ 10, 15 అనేది ఫ్లోరింగ్ అంతా అయిపోయాక ఉండాల్సిన సందు. టైల్స్ మీద కొలిచి తలుపు కోయించుకుని తర్వాత కార్పెట్ వేస్తే మొత్తం మూసుకుపోతుంది, తలుపు దగ్గర మందపాటి డోర్ మ్యాట్ వేసినా అదే గతి. బాత్‌రూము తలుపులకి కూడా సందు మర్చిపోకండి, ఎగ్జాస్ట్ పీల్చడానికి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది మరి.

గదిలో గ్రిల్ ఎక్కడ పెట్టాలన్నది ఇప్పుడు తేలిక. గాలి చివరికి తలుపు కిందనుంచి పోతుంది కాబట్టి సప్లై తలుపుకి ఎదురు మూలన, మధ్యలో మంచం ఉండేలా. తలుపు పక్కనే పెట్టి గాలిని కిందికి వదిలితే వచ్చింది వచ్చినట్టు పోతుంది. పైపు అంత దూరం లాగడం కుదరకపోతే తలుపు పై గోడలోనే పెట్టొచ్చు, కానీ అప్పుడు గాలిని సీలింగ్‌కి ఆనించి దూరంగా విసిరే రకం నాజిల్ వాడాలి, సీలింగ్‌ని అంటుకుని పోయే గాలి అవతలి గోడ దాకా వెళ్లి అక్కడ దిగుతుంది. దిండు మీదకి మాత్రం గాలి దిగకూడదు, ఒకట్రెండు డిగ్రీలు తేడా ఉన్న గాలి మెడ మీద పడితే చాలు, నిద్ర పట్టదు, తర్వాత ఎవరో గ్రిల్‌లో గుడ్డ కుక్కుతారు. వార్డ్‌రోబ్ పైన, కర్టెన్ వెనకాల వద్దు. స్మోక్ డిటెక్టర్ ఉంటే దానికి కనీసం 90 సెంటీమీటర్ల దూరం. బాత్‌రూములో ఎగ్జాస్ట్ సీలింగ్‌లో, షవర్ వైపు, తలుపుకి దూరంగా, నీళ్లు డైరెక్టుగా తగలకుండా. టాయిలెట్‌లో కమోడ్ పైన. ఇవి సులువే.

కిచెన్ దగ్గర ఆగాలి. పొయ్యి మీద హుడ్ డక్ట్‌ని తీసుకొచ్చి ఈఆర్‌వీకి కలిపేద్దామా అని అడిగారు, వద్దు. జిడ్డు మిషన్ లోపలి కోర్‌కి, అంటే లోపలికొచ్చే గాలీ బయటికెళ్లే గాలీ వేడి మార్చుకునే భాగానికి, పట్టిందంటే అది కడిగినా వదలదు, డక్ట్‌లో పేరుకున్న జిడ్డుకి నిప్పంటుకుంటే ఇంక చెప్పేదేముంది. హుడ్ విడిగా, దాని సొంత పైపుతో నేరుగా బయటికి పోవాలి, ఆశ్రే వాళ్లు హుడ్‌కి కనీసం 100 సీఎఫ్‌ఎం అంటారు. ఈఆర్‌వీ తాలూకు కిచెన్ ఎగ్జాస్ట్ పొయ్యికి రెండు మీటర్లైనా దూరంగా సీలింగ్‌లో పెట్టి, తీసి కడుక్కునే జిడ్డు ఫిల్టర్ దానికి తగిలించండి. అలాగే బట్టల డ్రయర్ పైపుని కూడా కలపొద్దు, నూలు పొట్టు మొత్తం కోర్‌లోకి వస్తుంది.

హుడ్‌తో ఇంకో చిక్కుంది. పెద్ద హుడ్ గంటకి 500, 600 క్యూబిక్ మీటర్లు లాగేస్తుంది, మీ ఇల్లు టైట్‌గా ఉంటే అంత గాలి ఎక్కణ్ణుంచి రావాలి? బాత్‌రూము వెంట్లలోంచి, ఫ్లోర్ ట్రాప్‌ల్లోంచి, ఎక్కడ సందుంటే అక్కణ్ణుంచి వెనక్కి లాగుతుంది. హుడ్ వేసినప్పుడు కిచెన్ కిటికీ కొంచెం తెరవడమో, హుడ్‌తో పాటే తెరుచుకునే డ్యాంపర్ (గాలి దారిని మూసే రేకు)తో విడి ఇన్‌లెట్ పెట్టుకోవడమో చెయ్యాలి. ఇంట్లో గ్యాస్ గీజర్ లాంటిది, అంటే గదిలో గాలితోనే మండి పొగ గొట్టంలోంచి వదిలే రకం ఉంటే ఇది సరదా విషయం కాదు, పొగ గొట్టంలోంచి కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి లోపలికే వస్తుంది, మనుషులు పోతారు. అలాంటిది ఉంటే ముందు దాన్ని సీల్డ్ రకానికి మార్చండి, తర్వాతే ఈ ప్రాజెక్టు.

పైపుల సైజు. చెట్టు కొమ్మల్లాగా ఒక మెయిన్ డక్ట్ లాగి దాంట్లోంచి గదిగదికీ చీల్చుకుంటూ పోవడం కంటే, మిషన్ పక్కన ఒక డిస్ట్రిబ్యూషన్ బాక్స్ పెట్టి అక్కణ్ణుంచి ప్రతి గదికీ విడి పైపు లాగడం నాకు ఇష్టం. ఒక గదిలో మాటలు డక్ట్ గుండా పక్క గదికి వినపడవు, సెట్ చెయ్యడం తేలిక. పిల్లల గదిలో గొడవ మీ బెడ్‌రూములో స్పష్టంగా వినపడే ఇళ్లు చూశా, అదంతా చెట్టు డిజైన్ మహిమే. దీనికి వాడేది 75 మి.మీ. సెమీ రిజిడ్ పైపు, కానీ ఆ 75 బయటి కొలత, లోపల ఉండేది 63 దగ్గర. అందులో గంటకి 30 పంపితే గాలి వేగం సెకనుకి 2.7 మీటర్లు అవుతుంది, అంతకంటే ఎక్కువైతే బెడ్‌రూములో శబ్దం తెలుస్తుంది. కాబట్టి 30 దాటే చోటల్లా రెండు పైపులు: పెద్ద బెడ్‌రూము, కిచెన్, రెండు బాత్‌రూములు. పిల్లల గదులకి లెక్క ప్రకారం ఒకటి చాలు గానీ నేనైతే రెండే లాగుతా, సీలింగ్ మూసేశాక ఇంకో పైపు కావాలంటే ఎవరూ ఇవ్వలేరు. మిషన్ నుంచి బాక్స్ దాకా, మిషన్ నుంచి బయటికి 150 మి.మీ. గట్టి డక్ట్ పెట్టండి, 135 దగ్గర అందులో వేగం 2 మీటర్లే, 180 దగ్గర 2.8.

ముడతల అల్యూమినియం ఫ్లెక్సిబుల్ పైపు మాత్రం రెండడుగుల కనెక్షన్‌కి తప్ప వాడనివ్వకండి. అది వేలాడుతూ, సగం నొక్కుకుపోయి, బీమ్ పక్కన మడత పడి ఉంటుంది, అదే పొడవు పైపు సాగదీసి పెట్టినదానికంటే కొన్ని రెట్లు ఎక్కువ ప్రెషర్ తినేస్తుంది. డక్ట్‌లో గాలి రెట్టింపు చెయ్యాలంటే ప్రెషర్ నాలుగు రెట్లు కావాలి, అందుకని పైపులో పోయిన దాన్ని ఫ్యాన్ స్పీడ్ పెంచి రాబట్టుకుందాం అనుకుంటే అయ్యే పని కాదు. మిషన్‌కీ బాక్స్‌కీ మధ్య ఒక మీటర్ సైలెన్సర్, సప్లైకి ఒకటి ఎగ్జాస్ట్‌కి ఒకటి, ఇది ఖర్చు తగ్గించుకోవడానికి తీసేసే ఐటమ్ కాదు.

మిషన్‌ని మీరు పెద్ద బెడ్‌రూము సీలింగ్‌లో గీశారు, బట్టల గదికి మార్చండి. దానికి బయటి గోడ ఉంది కాబట్టి బయటికి వెళ్లే రెండు డక్ట్‌లూ పొట్టిగా అయిపోతాయి. ఆ రెండిటికీ ఇన్సులేషన్, పైన గాలి దూరని తొడుగు తప్పనిసరి, చుట్టూ ఉన్న తేమకి డక్ట్ చల్లగా తగిలితే చెమట పట్టి సీలింగ్ మీద మరకలొస్తాయి. కింద పెద్ద తలుపు పెట్టించండి, ఫిల్టర్ తియ్యడానికే కాదు, కోర్ మొత్తం బయటికి లాగేంత.

బయట హోల్స్ విషయంలో మీ డ్రాయింగ్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ పక్కపక్కనే రెండడుగుల దూరంలో ఉన్నాయి, ఇల్లు వదిలిన గాలిని ఇల్లే మళ్లీ పీల్చుకుంటుంది. మధ్యలో 3 మీటర్లు ఉంచండి, ఆశ్రే కూడా పాడు గాలి వచ్చే చోటుకీ ఇన్‌టేక్‌కీ 10 అడుగులు అంటుంది. ఒక్కసారి గోడ బయట నిలబడి చుట్టూ చూడండి: బాత్‌రూము వెంట్ పైపు, కారు ఆపే చోటు, చెత్త డబ్బా, హుడ్ పైపు, గీజర్ పొగ గొట్టం, జనరేటర్, పక్కింటి కిచెన్ ఫ్యాన్. వీటన్నిటికీ దూరంగా, నేలకి రెండు మీటర్ల ఎత్తులో, ఎక్కువ సేపు నీడ ఉండే గోడకి ఇన్‌టేక్. ఎండకి కాలే రూఫ్ మీద నుంచి తీసుకుంటే వేడి గాలి కొని తెచ్చుకున్నట్టే. పైపు బయటి వైపుకి కొంచెం వాలుగా ఉండాలి, వాన నీళ్లు లోపలికి రాకుండా. హోల్‌కి సన్నటి దోమల జాలీ కొట్టేస్తారు చాలామంది, అది కొన్ని నెలల్లో దుమ్ముతో దుప్పటిలా మూసుకుపోతుంది. ఒకాయన మిషన్ చచ్చిపోయిందని పిలిస్తే వెళ్లి, నిచ్చెన ఎక్కి ఆ జాలీ మీద వేలితో గీశా, గీసిన చోట మాత్రమే వెలుతురు కనిపించింది. 6 మి.మీ. కన్నాల జాలీ చాలు, పురుగుల్ని లోపల ఫిల్టర్ ఆపుతుంది. ఆ ఫిల్టర్ సప్లై వైపు మెర్వ్ 13 స్థాయిది (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్ము ఆపుతుందో చెప్పే రేటింగ్), వీలైనంత పెద్ద సైజు తీసుకోండి, పెద్దదైతే ప్రెషర్ తక్కువ తింటుంది, ఎక్కువ రోజులు వస్తుంది.

ఈఆర్‌వీ పెట్టాం కదా, తేమ మొత్తం అదే తీసేస్తుందనుకోకండి. బయట తేమ ఎక్కువున్నప్పుడు లోపలికి వచ్చే దాన్ని తగ్గిస్తుంది, అంతే. ఆరబెట్టే పని ఏసీదో, డీహ్యుమిడిఫయర్‌దో.

చివరి పని సెట్టింగ్, కాంట్రాక్టర్లు ఎగ్గొట్టేది కూడా ఇదే. తలుపులన్నీ బిగించాక, కొత్త ఫిల్టర్లు వేశాక, అన్ని తలుపులూ మూసి, గ్రిల్ మీద కప్పే హుడ్ ఉన్న మీటర్‌తో ఒక్కో గది కొలవమనండి. ముందు దూరంగా ఉన్న గది గ్రిల్ పూర్తిగా తెరిచి ఉంచి, దగ్గరి వాటిని కొంచెం కొంచెం బిగిస్తూ రావాలి, అన్నీ ఒక రౌండ్ అయ్యాక మళ్లీ మొదటిది కొలిస్తే మారిపోయి ఉంటుంది, కంగారు పడకండి, రెండు మూడు రౌండ్లు పడుతుంది. మొత్తం సప్లై, మొత్తం ఎగ్జాస్ట్ మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి. అయ్యాక ప్రతి గ్రిల్ లాక్ నట్ బిగించి, ఏ గదికి ఎంత వచ్చిందో ఒక కాగితం మీద రాసి మిషన్ తలుపు లోపలి వైపు అంటించేయండి, గ్రిల్స్ తుడిచేటప్పుడు ఎవరో ఒకరు వాటిని తిప్పేస్తారు, నాలుగేళ్ల తర్వాత వచ్చేవాడికి ఆ కాగితమే ఆధారం.